చెట్టు పేరుగల మనిషి

పోయిన శనివారం సాయంత్రం మా అక్కయ్య కొడుకు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. బళ్ళో కబాడీ పోటీలు. కూతకు వెళ్ళి ఇద్దర్ని తాకి, తిరిగి వస్తూ గీత మీద చెయ్యి కూడా వేశాడట. కూత మధ్యలో తెగిందని రిఫరీ వీణ్ణే అవుటన్నాడు.

"తెగలేదు మామయ్యా! ఒట్టు. కావాలంటే మావాళ్ళందర్నీ అడుగు" అని వెక్కుతున్నాడు.

మా అక్కయ్య తువ్వాలుతో వాడి మొహం తుడుస్తూ, "మగపిల్లాడివి. ఇంతమాత్రానికే ఏడుస్తారుట్రా? ఎవరైనా వింటే నవ్విపోతారు" అంది. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వంత పాడింది.

"ఏడవనీండి. ఏడ్చాడని చెప్పి గెలిచిన బిరుదు వెనక్కి లాక్కున్నవాళ్ళు కూడా వున్నారు లోకంలో" అన్నాను నేను.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఒక చూపు చూసింది. 'ఈయనగారికి మళ్ళీ ఏదో కథ దొరికింది' అనే చూపు. ఆ చూపుకు భయపడే రకాన్నయితే ఈ పేజీ ఇన్నాళ్ళుగా నిండేదే కాదు. కుర్రాడు మాత్రం వెక్కడం ఆపి, "ఎవరి బిరుదు?" అన్నాడు. అదీ నాకు కావలసింది.

కథ జర్మనీలోది. మొదటి ప్రపంచ యుద్ధానికీ రెండో దానికీ నడుమ జరిగింది. ఒక ముష్టియోధుడి కథ.

ముష్టియుద్ధం అనగానే మా ఆవిడ మొహం చిట్లించింది. "ఒకళ్ళనొకళ్ళు కొట్టుకు చావడం ఆటేమిటండీ?" అంది. నాకూ ఆ ఆట మీద పెద్ద మోజు లేదని మనవి చేసుకుంటున్నాను. కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఒక మిత్రుడు నా చేతులకు ఆ దిండ్లలాంటి తొడుగులు తొడిగి, "వూరికే సరదాకి" అన్నాడు. సరదా అరనిమిషంలో తీరిపోయింది. ముక్కు వాపు తగ్గడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. అయినా అది వీధి కొట్లాట కాదని అప్పుడే తెలిసింది. మూడు నిమిషాలకొకసారి గంట కొడతారు. ఒక నిమిషం విశ్రాంతి. నడుము కింద కొట్టకూడదు. బరువును బట్టి తరగతులు. సుమారు 61 కిలోల లోపు వాళ్ళు లైట్ వెయిట్, 67 కిలోల దాకా వెల్టర్ వెయిట్, 72న్నర దాకా మిడిల్ వెయిట్, 79 దాకా లైట్ హెవీ వెయిట్. బక్కవాడి మీదికి బండవాణ్ణి తోలకుండా ఈ ఏర్పాటు. మనవాడి కబాడీకి కూడా బరువు చూసే జట్లు కట్టారని వాడే చెప్పాడు.

ఆ రోజుల్లో జర్మన్ ముష్టియోధుడంటే అందరికీ తెలిసిన పేరు మాక్స్ ష్మెలింగ్. 1930లో ప్రపంచ హెవీ వెయిట్ ఛాంపియన్ అయినవాడు. 1936లో జో లూయీని పడగొట్టి, 1938లో అదే జో లూయీ చేతిలో మొదటి రౌండులోనే కూలినవాడు. ఆయన సంగతి అందరూ రాశారు. నేను చెప్పేది ఆయన సంగతి కాదు. ఎవరూ చెప్పుకోకుండా డెబ్బయ్యేళ్ళు దాచిపెట్టిన ఇంకొకడి సంగతి.

వాడి పేరు యోహాన్ ట్రోల్మన్. 1907 డిసెంబరు 27న ఉత్తర జర్మనీలో విల్షె అనే చిన్న వూళ్ళో పుట్టాడు. హానోవర్ పట్నంలో బీదల పేటలో, పిల్లలు పుట్టెడు మంది వున్న ఇంట్లో పెరిగాడు. వాళ్ళు సింతీలు. అంటే, మనం జిప్సీలంటామే, ఆ జనంలో జర్మన్ దేశాలలో స్థిరపడిన శాఖ. ఇంట్లో, పేటలో అందరూ వాణ్ణి 'రుకేలి' అని పిలిచేవారు. వాళ్ళ భాషలో 'రుక్' అంటే చెట్టు. చెట్టులా నిటారుగా, కళగా వుండేవాడని ఆ ముద్దుపేరు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఈ 'రుక్' అనే మాట మీకెక్కడో విన్నట్టు లేదూ? సంస్కృతంలో వృక్షం. ప్రాకృతంలో రుక్ఖ. హిందీలో ఇప్పటికీ పల్లెటూళ్ళవాళ్ళు రూఖ్ అంటారు. జిప్సీల భాషకు పుట్టిల్లు మన దేశమే. వెయ్యేళ్ళకు పూర్వం ఎప్పుడో వాళ్ళ పెద్దలు ఉత్తర భారతం నుంచి పడమరగా నడిచి, పారశీకం దాటి, గ్రీకు దేశాలు దాటి, ఐరోపా అంతా పరుచుకున్నారు. దారిలో ఏమేమి పోగొట్టుకున్నారో గాని మాటలు మాత్రం మూటగట్టుకుపోయారు. నీళ్ళను వాళ్ళు పానీ అంటారు. మనిషిని మనుష్ అంటారు. ముక్కును నాక్ అంటారు. లెక్కపెడితే 'దుయి, త్రిన్' అని పోయి 'పాంచ్' దగ్గర ఆగుతారు. నేనిది చెప్పగానే మావాడు కన్నీళ్ళు మరిచిపోయి, "అయితే వాళ్ళు మనవాళ్ళేనా మామయ్యా?" అన్నాడు. వెయ్యేళ్ళ దూరపు చుట్టాలు అన్నాను. అంత దూరపు చుట్టాన్ని జర్మనీలో కొందరు పరాయివాడన్నారు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, వాళ్ళ భాషే మాట్లాడుతున్నవాణ్ణి. కథంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

రుకేలి ఎనిమిదో ఏట తొడుగులు తొడిగాడు. హానోవర్‌లో ఒక క్లబ్బులో చేరి, ప్రాంతీయ ఛాంపియన్‌గా నాలుగుసార్లు, ఉత్తర జర్మనీ ఛాంపియన్‌గా కూడా గెలిచాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒలింపిక్స్ జరిగాయి. వాణ్ణి పంపుతారనే అనుకున్నారంతా. పెద్దలు వాణ్ణి పక్కన పెట్టి ఇంకొకణ్ణి పంపారు. హిట్లర్ అధికారానికి రావడానికి ఇంకా అయిదేళ్ళుంది. గమనించండి. చీడ ఒక్కరోజులో పట్టలేదు.

మరుసటేడు, అంటే 1929లో, బెర్లిన్ చేరి డబ్బుకు ఆడే పందేలలోకి దిగాడు. ఎర్న్‌స్ట్ జిర్జో అనే ఆయన మేనేజరు. అక్కణ్ణించి నాలుగేళ్ళపాటు వాడి రోజులు. మిడిల్ వెయిట్‌లో ఆడేవాడు, లైట్ హెవీలోనూ ఆడేవాడు. అంటే, తనకన్నా బరువైనవాళ్ళ మీదికి కూడా వెళ్ళేవాడు. ఎలా నెగ్గేవాడు? కాళ్ళతో.

అప్పట్లో బాక్సింగంటే ఇద్దరూ ఎదురెదురుగా పాదాలు పాతేసి ఒకరినొకరు దంచుకోవడం. ఎవడు ముందు పడితే వాడు ఓడినట్టు. రుకేలి అలా నిలబడేవాడు కాదు. బరిలో చుట్టూ తిరిగేవాడు. దగ్గరికి వచ్చినట్టే వచ్చి, ఒక గుద్దు తగిలించి, అవతలివాడు పిడికిలి ఎత్తేసరికి అక్కడ వుండేవాడు కాదు. మధ్యలో ప్రేక్షకులతో కబుర్లాడేవాడట కూడా. చూడ్డానికి అందగాడు, గిరజాల జుట్టు. బెర్లిన్‌లో ఆడవాళ్ళు బాక్సింగు చూడడానికి రావడం వాడి మూలంగానే ఎక్కువయిందని చెబుతారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత మహమ్మదాలీ ఇదే పని చేస్తే లోకం ముక్కున వేలేసుకుంది. 1980లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు జనం ఎలా విరగబడ్డారో గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. రుకేలి అదే నాట్యం చేస్తే మటుకు జర్మన్ పత్రికలు 'జిప్సీ గంతులు' అన్నాయి. మనవాడు వూరుకున్నాడా? తన నిక్కరు మీద 'జిప్సీ' అని కుట్టించుకుని మరీ బరిలోకి దిగాడు. మీరు తిట్టేదేదో నేనే రాసుకొచ్చాను, ఇహ ఆట చూడండి అన్నట్టు. నాకు ఈ మనిషి మీద గురి కుదిరింది ఈ నిక్కరు దగ్గరే.

1933 జనవరిలో హిట్లర్ గద్దెక్కాడు. ఆయనగారికి బాక్సింగంటే మహా ఇష్టం. తన పుస్తకంలోనే దాన్ని పొగిడాడు, కుర్రకారులో దూకుడు పెంచే ఆట అని. కాబట్టి ఆ ఆట 'శుద్ధి' చేయడం ఆలస్యం కాలేదు. ఏప్రిల్ వచ్చేసరికే యూదులెవరూ జర్మన్ బరుల్లోకి రాకూడదన్నారు. అప్పుడు మిడిల్ వెయిట్, లైట్ హెవీ రెండు తరగతుల్లోనూ జర్మన్ ఛాంపియన్ ఎరిఖ్ జేలిగ్ అనే యూదు యువకుడు. ప్రాణం దక్కించుకుని ఫ్రాన్సుకు, ఆ తర్వాత అమెరికాకు వెళ్ళిపోయాడు. ఓడకుండానే రెండు బిరుదులూ పోయాయి. ఖాళీ అయిన లైట్ హెవీ బిరుదు కోసం పందెం ఏర్పాటు చేయవలసి వచ్చింది. అటు చూస్తే అడాల్ఫ్ విట్, కీల్ పట్నం వాడు, అధికారులు మెచ్చే రూపం, మెచ్చే రక్తం. ఇటు నిలబడగలవాడు చూస్తే రుకేలి ఒక్కడే. తప్పలేదు.

1933 జూన్ 9వ తేదీ రాత్రి. బెర్లిన్‌లో క్రోయిట్స్‌బెర్గ్ పేట. ఒక బీరు తయారుచేసే కార్ఖానా ఆవరణలో పందెం. బాక్సింగు సంఘానికి అధ్యక్షుడు గియోర్గ్ రాడాం అనే నాజీ పెద్ద. ఆయన స్వయంగా బరి పక్కన కూర్చున్నాడు. విట్ బరువైనవాడు, గట్టివాడు. కాని, కొట్టాలంటే ఎదుటివాడు అక్కడ వుండాలి కదా! రుకేలి వుంటేనా? చుట్టూ తిరుగుతూ, తగిలిస్తూ, తప్పుకుంటూ రౌండు వెనక రౌండు పాయింట్లు పోగుచేసుకుపోయాడు. చివరి గంట మోగేసరికి గెలిచిందెవరో పసిపిల్లవాడికి కూడా తెలుసు.

రాడాం న్యాయనిర్ణేతలకు కబురు పెట్టాడు. 'ఫలితం లేదు' అని ప్రకటించారు. ఎవరూ గెలవలేదు, ఎవరికీ బిరుదు లేదు అని.

అప్పుడొక వింత జరిగింది. జనం లేచారు. వాళ్ళేమన్నా సంస్కర్తలా, విప్లవకారులా? టిక్కెట్టు కొనుక్కుని ఆట చూడవచ్చిన మామూలు బెర్లిన్ మనుషులు. జిప్సీల మీద ప్రేమతో లేవలేదు. కళ్ళారా చూసినదాన్ని చూడలేదనమంటే ఒళ్ళు మండి లేచారు. మేనేజరు జిర్జో అరుస్తున్నాడు, జనం అరుస్తున్నారు, బరి మీదికి తోసుకువస్తున్నారు. నాజీలు గద్దెనెక్కి నాలుగు నెలలు దాటింది. వీధుల్లో మనుషుల్ని చావగొడుతున్న రోజులవి. అయినా ఆ రాత్రి, ఆ బీరు కార్ఖానాలో, రాడాంగారు వెనక్కి తగ్గవలసి వచ్చింది. రుకేలి గెలిచాడని ప్రకటించి, ఛాంపియన్‌కు వేసే దండ వాడి మెడలో వేశారు.

రుకేలి బరి మధ్యన నిలబడి ఏడ్చేశాడు. సంతోషమో, అవమానమో, రెండూ కలిసో. ఇరవయ్యైదేళ్ళవాడు.

"ఏడ్చాడా?" అన్నాడు మావాడు.

"అందరి ఎదుటా" అన్నాను.

ఒక వారం తిరిగిందో లేదో వుత్తరం వచ్చింది. బిరుదు రద్దు. ఇద్దరి ఆటా చాలినంతగా లేదన్నది ఒక కారణం. రెండోది, ఛాంపియన్‌కు తగని దీనమైన ప్రవర్తన. అంటే ఏమిటని చూస్తే, ఆ కన్నీళ్ళు. జర్మన్ మగవాడు బరిలో ఏడవడట.

మా అక్కయ్య తువ్వాలు మడతపెడుతూ ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం, "అదేం చోద్యమండీ, గెలిచినవాడు ఏడిస్తే తప్పేమిటి?" అంది. పది నిమిషాల క్రితం ఆవిడే ఏమందో నేను గుర్తు చేయలేదు. ఇరవయ్యేళ్ళుగా సంసారం చేస్తున్నవాణ్ణి.

బిరుదు పీకి వూరుకోలేదు. ఆరు వారాలకే, జూలై 21న, గుస్టాఫ్ ఎడర్ అనే వాడితో పందెం పెట్టారు. ఎడర్ వెల్టర్ వెయిట్. బరువులో రుకేలి కన్నా తక్కువే గాని గుద్దు ఇనుప గుద్దు. తర్వాత ఐరోపా ఛాంపియన్ కూడా అయ్యాడు. ఈసారి షరతు ముందే చెప్పారు. ఆ గంతులు పనికిరావు. జర్మన్ పద్ధతిలో ఒకచోట నిలబడి కొట్లాడాలి. లేదా లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే తిండి పోయినట్టే.

కొంచెం ఆలోచించండి. చేపను గట్టు మీదికి వచ్చి పరుగెత్తమన్నట్టు. వాడి బలమంతా కాళ్ళలో వుంది. ఆ కాళ్ళు కట్టేశారు. నేనైతే ఆ వుత్తరం చూసి వూరొదిలి పారిపోయేవాణ్ణి. మీలో చాలామంది అంతేనని నా నమ్మకం, ఏమీ అనుకోకండి.

రుకేలి వచ్చాడు. ఎలా వచ్చాడంటే, నల్లని జుట్టుకు పసుప్పచ్చ రంగు వేయించుకుని, ఒళ్ళంతా తెల్లగా పిండి పూసుకుని వచ్చాడు. మీకు కావలసిన జర్మన్ వీరుడు వీడేగా, చూసుకోండి అని. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. బరి మధ్యకు నడిచి, పాదాలు విడదీసి నిలుచున్నాడు. గంట కొట్టారు. కదలలేదు. ఎడర్ కొడుతున్నాడు. వీడు ఆ గుద్దులన్నీ కాచుకుంటూ, తింటూ, తనూ కొడుతూ అక్కడే నిలుచున్నాడు. చెమటకు పిండి కారుతోంది, దాంట్లో నెత్తురు కలుస్తోంది. అలా నాలుగు రౌండులు. అయిదో రౌండులో కూలిపోయాడు.

బాక్సింగు చరిత్రలో ఓటమి కింద రాసుకున్న పందెం ఇది. రాసేవాళ్ళు రాసుకోనీండి. పిండి పూసుకొచ్చిన ఆ పూటే ఆ బరిలో నాజీలు నగ్నంగా నిలబడ్డారని నేనంటాను.

ఇక్కడ మావాడు కళ్ళు పెద్దవి చేసి, "తర్వాత?" అన్నాడు. "తర్వాత అన్నానికి లేవాలి" అన్నాను. మా అక్కయ్య నా మొహం చూసి అర్థం చేసుకుని వాణ్ణి లోపలికి తీసుకుపోయింది. మిగతాది వాడు నిద్రపోయాక ఆడవాళ్ళిద్దరికీ చెప్పాను. అదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. పిల్లలకు చదివి వినిపించేవారు ఇక్కడ ఆపితే మంచిది.

ఆ తర్వాత మరికొన్ని పందేలు ఆడనిచ్చారు. గెలవనివ్వడానికి కాదు. 1934తో వాడి వృత్తి ముగిసింది. పొట్టకోసం తిరునాళ్ళలో, సంతల్లో గుడారాలు వేసి ఆడించే కుస్తీ పందేల్లాంటివి ఆడాడు. 1935లో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె సింతీ కాదు, జర్మన్. ఒక కూతురు. ఆ యేడే అధికారులు వాడికి బలవంతంగా ఆపరేషన్ చేయించారు, ఇక ఆ వంశంలో పిల్లలు పుట్టకూడదని. 'జబ్బు మనుషులు' పిల్లల్ని కనకుండా చేసే చట్టమొకటి 1933 జూలైలోనే, అంటే ఎడర్‌తో పందెం జరిగిన నెలలోనే, తెచ్చిపెట్టుకున్నారు. చక్కగా కండలు తిరిగిన ఛాంపియన్ వాళ్ళ కాగితాలలో జబ్బు మనిషి అయ్యాడు.

1938లో భార్యకు విడాకులిచ్చాడు. ప్రేమ లేక కాదు. తన భార్య అన్న పేరుంటే ఆమెకూ, తన కూతురన్న పేరుంటే ఆ పసిదానికీ ముప్పని. ఈ ముక్క చెప్పినప్పుడు మా అక్కయ్య కొంగుతో కళ్ళద్దుకుంది.

మరుసటేడు యుద్ధం మొదలయింది. అప్పుడు మటుకు వాడు జర్మనుడే! సైన్యంలోకి లాగి, తుపాకి చేతికిచ్చి యుద్ధానికి పంపారు. 1941లో తూర్పు రంగంలో, రష్యావాళ్ళ మీద పోరులో, గాయపడ్డాడు. 1942లో జాతి సరిపోదని సైన్యంలోంచి తీసేశారు. జూన్‌లో హానోవర్‌లో పట్టుకున్నారు. అక్టోబరుకు హాంబర్గ్ దగ్గర నోయెన్గామె నిర్బంధ శిబిరంలో వున్నాడు. అక్కడ మనిషికి పేరుండదు, అంకె వుంటుంది. వీడి అంకె 9841.

శిబిరంలో ఒక ఎస్.ఎస్. అధికారి మునుపు బాక్సింగ్ రిఫరీ. చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి జాలిపడ్డాడా? లేదు. పగలంతా గొడ్డు చాకిరీ చేయించి, రాత్రి తన భటులకు బాక్సింగు నేర్పమన్నాడు. నేర్పడమంటే, వాళ్ళు కొడుతుంటే తినడం. కడుపుకు కూడు లేదు, కండ కరిగిపోయింది. ఒకప్పుడు బెర్లినంతా తిరిగి చూసిన మనిషి.

తోటి ఖైదీలు చూడలేకపోయారు. శిబిరంలో వాళ్ళకు రహస్యంగా ఒక కమిటీ వుండేది. రాతపనులు చేసే ఖైదీలు వాళ్ళలో వుండడంవల్ల ఒక సాహసం చేశారు. ట్రోల్మన్ 1943 ఫిబ్రవరి 9న జబ్బుతో చనిపోయినట్టు కాగితాలు సృష్టించి, వాణ్ణి వేరే పేరుతో విటెన్‌బెర్గె అనే అనుబంధ శిబిరానికి పంపించేశారు. దొరికితే అందరి ప్రాణాలూ పోయే పని. ఒక ముష్టియోధుడి కోసం చేశారు.

కాని, ఆ మొహం దాచడం ఎలా? అక్కడ కూడా ఎవరో పోల్చారు. ఆ శిబిరంలో ఖైదీల మీద పెత్తనానికి పెట్టిన మేస్త్రీ లాంటి వాడు ఎమిల్ కోర్నేలియస్. వాడూ ఖైదీయే, నేరాలు చేసి వచ్చినవాడు. వీడితో పందెం కట్టారు. ఎముకల గూడులా వున్న రుకేలి ఆ బలిసినవాణ్ణి అందరి ఎదుటా పడగొట్టాడు.

వద్దనుకుంటే ఓడిపోయి వుండవచ్చు. ఎడర్ ముందు నిలబడినట్టే నిలబడి పడిపోతే బతికేవాడేమో. మా ఆవిడ అదే అడిగింది, "ఓడిపోతే పోయేది కదండీ?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కోర్నేలియస్ ఆ అవమానం మరిచిపోలేదు. 1944లో ఒకరోజు రుకేలిని వొంట్లో సత్తువ లేకుండా పోయేదాకా పనిచేయించి, కొట్టి చంపాడు. ముప్ఫయ్యారేళ్ళు. ఒక సోదరుణ్ణి అంతకు ముందే ఆష్విట్జ్‌లో పొట్టన పెట్టుకున్నారు. మొత్తం ఐరోపాలో ఈ జనంలో రెండు లక్షల మంది పోయారని కొందరు, అయిదు లక్షలని కొందరు చరిత్రకారులు లెక్క కడతారు. లెక్క కూడా సరిగా దొరకని చావులు. ఇది జాతి హత్య అని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 1982లో, హెల్మట్ ష్మిట్ ఛాన్సలర్‌గా వుండగా.

మరి ఆ బిరుదు? యుద్ధమయిపోయాక ఎవరూ దాని వూసెత్తలేదు. ఛాంపియన్ల పట్టికలో 1933 దగ్గర ఆ పేరు లేకుండానే పుస్తకాలు అచ్చయ్యాయి. చుట్టాలు అడుగుతూ వచ్చారు. చివరికి 2003లో, డెబ్బయ్యేళ్ళకు, జర్మన్ బాక్సింగు సంఘంవారు ఆ పేరు పట్టికలో చేర్చి, ఛాంపియన్ బెల్టు బంధువులకు అందజేశారు. హానోవర్‌లో ఒక దారికి ఇప్పుడు వాడి పేరుంది. హానోవర్‌లోనూ, బెర్లిన్‌లో ఆ బీరు కార్ఖానా దగ్గరా నేలలో పేరు చెక్కిన చిన్న ఇత్తడి పలకలు తాపడం చేశారు. నడిచేవాళ్ళు తలవంచి చదువుకోవాలి.

ఆదివారం పొద్దున మావాడు ఇడ్లీ తింటూ, "మామయ్యా, బెల్టు మళ్ళీ ఇచ్చారా?" అన్నాడు. నేను రాత్రి చెప్పనిది వాడు మరిచిపోలేదన్నమాట.

"ఇచ్చారు. డెబ్బయ్యేళ్ళకు. వాళ్ళవాళ్ళకి ఇచ్చారు" అన్నాను. ఆయనకు ఎందుకివ్వలేదని వాడు అడగలేదు. పన్నెండేళ్ళవాళ్ళకు మనం చెప్పకపోయినా కొన్ని తెలుస్తాయి.

మాట మార్చడానికి, బెర్లిన్‌లో 2010లో ఒక పార్కులో కొంతకాలం పెట్టిన జ్ఞాపకచిహ్నం సంగతి చెప్పాను. అచ్చం బాక్సింగు బరి. సిమెంటు కాంక్రీటుతో కట్టారు. ఒక మూల భూమిలోకి కుంగినట్టు, బరి అంతా వాలుగా వుంటుంది. దాని పేరు '9841'.

"వాలుగా ఎందుకు కట్టారు?" అన్నాడు.

"అలాంటి బరిలో ఆయన్ని ఆడమన్నారని."

వాడు కాసేపు చట్నీ నాకుతూ ఆలోచించాడు. "మా బడి గ్రౌండు కూడా ఒక పక్క పల్లమే మామయ్యా. రేపు మేం పల్లం వైపు రాకుండా మా కెప్టెన్ని ముందే టాస్ అడగమంటాను" అని చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు.